రాట్‌వైలర్‌ని తెచ్చుకోండి, గేటుకి కట్టేయడానికైతే వద్దు

ప్రశ్న: మాది కరీంనగర్ శివార్లలో సొంతిల్లు. చుట్టూ కాంపౌండ్ వాల్, కొంచెం ఖాళీ జాగా ఉంది. ఇంట్లో నేను, నా భార్య, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అమ్మ. కుక్కలంటే చిన్నప్పట్నుంచీ ఇష్టమే గానీ ఎప్పుడూ పెంచలేదు. ఈమధ్య మా కొలీగ్ ఇంటికి వెళ్తే వాళ్ల రాట్‌వైలర్ నన్ను కాసేపు అలా చూసి, నెమ్మదిగా వచ్చి నా కాళ్లకు ఆనుకుని నిలబడిపోయింది. ఆ రోజు నుంచి అదే ధ్యాస. పైగా మా కాలనీలో ఈమధ్యే రెండిళ్లల్లో దొంగలు పడ్డారు, కాపలాకూ పనికొస్తుంది కదా అనిపించింది. అమ్మేమో "గా రాక్షసి ఇంట్లకొస్తే నేను మీ అక్క దగ్గరికి పోతా" అంటోంది. యూట్యూబ్‌లో ఏవేవో వీడియోలు చూసి నా భార్య కూడా భయపడుతోంది. ఒక బ్రీడర్ దగ్గర నలభై రోజుల మగపిల్ల ఉందట, తోక కట్ చేసి ఇస్తానన్నాడు, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. నేనేమైనా తొందరపడుతున్నానా?

జవాబు: తొందరపడ్డారు. రాట్‌వైలర్‌ని కోరుకోవడంలో కాదు, ఆ నలభై రోజుల పిల్లకి అడ్వాన్స్ ఇవ్వడంలో. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ కాళ్లకు ఆనుకున్న ఆ కుక్క గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీకు నచ్చింది అదే, మీ అమ్మగారికి ప్రమాదం తెచ్చేదీ అదే.

రాట్‌వైలర్‌ని పెంచిన ఎవర్ని అడిగినా ఈ ఆనుకునే అలవాటు గురించి చెప్తారు. మీరు సోఫాలో కూర్చుంటే వచ్చి మీ మోకాలికి భుజం ఆనించి, బరువంతా మీ మీద వేసి, ఎటో చూస్తూ నిలబడుతుంది. ముఖంలో మాత్రం "నేనేం కావాలని రాలేదు, దారిలో నువ్వున్నావంతే" అన్నట్టు ఓ బింకం. చెవి వెనక గోకితే గొంతులోంచి గుర్రుమని సన్నగా ఓ శబ్దం వస్తుంది. కొత్తవాళ్లు అది మొరుగుడు ముందు వచ్చే గుర్రు అనుకుని చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ఒళ్లు వదులుగా ఉండి, కళ్లు సగం మూసుకుని, మీ మీద ఇంకా బరువు వేస్తుంటే అది హాయిగా ఉందని అర్థం. అదే శబ్దం, ఒళ్లు కర్రలా బిగుసుకుని, నోరు మూసుకుని, చూపు ఒకేచోట నిలిపి వస్తే అది హెచ్చరిక. ఈ రెండింటికీ తేడా ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి, పాపతో సహా. మీ భార్య చూసిన వీడియోల్లో సగం ఈ తేడా తెలియనివాళ్లు తీసినవే అయ్యుంటాయి.

ఈ ఆనుకోవడానికి వెనక ఒక కథ ఉంది. దక్షిణ జర్మనీలో నెక్కార్ నది పక్కన రాట్‌వైల్ అనే పాత ఊరు ఉంది, రోమన్ల కాలం నాటిది. ఆ చుట్టుపక్కల కసాయివాళ్లూ పశువుల వ్యాపారులూ ఈ కుక్కల్ని పెంచేవారు. సంతకి మందని తోలుకెళ్లడం, మాంసం బండి లాగడం, రాత్రి సరుకు దగ్గర పడుకోవడం, ఇవీ దాని పనులు. అమ్మిన డబ్బుల సంచీ దాని మెడకే కట్టి ఇంటికి తెచ్చేవాళ్లని కూడా చెబుతారు, దానికి సాక్ష్యం ఎంతుందో గానీ ఆ కుక్కని చూస్తే నమ్మబుద్ధేస్తుంది. మొండికేసిన ఎద్దుని కదిలించాలంటే మొరిగితే చాలదు, పక్కనుంచి ఒళ్లుతో నెట్టాలి, కాలు ఝాడిస్తే తప్పుకోవాలి, మళ్లీ వచ్చి నెట్టాలి, అంతలోనే కోపం తెచ్చుకుని గట్టిగా కరిచేయకూడదు, ఎందుకంటే గాయపడిన పశువుకి సంతలో ధర రాదు. ధైర్యం, ఓపిక, ఒళ్లుతో మాట్లాడే అలవాటు, ఈ మూడూ కలిసి వచ్చిన కుక్క ఇది. రైళ్లొచ్చాక పశువుల్ని నడిపించుకెళ్లే పని పోయింది, దాంతో ఈ కుక్కలూ తగ్గిపోయాయి. 1882లో హైల్‌బ్రాన్‌లో జరిగిన డాగ్ షోకి ఈ జాతిది ఒక్కటంటే ఒక్క కుక్క వచ్చిందట, అదీ అంతంతమాత్రం. 1910 ప్రాంతంలో పోలీసు కుక్కగా గుర్తింపు రావడంతో మళ్లీ పుంజుకుంది. 1921లో జర్మనీలో ఈ జాతి కోసమే ఏడీఆర్‌కే అనే క్లబ్ పెట్టుకున్నారు. అక్కడ ఇప్పటికీ తుంటి ఎక్స్‌రేలు తీసి, స్వభావానికి పరీక్ష పెట్టి, నెగ్గిన కుక్కల్నే పిల్లల కోసం జత కలుపుతారు. జాతి ప్రమాణాల్లో కూడా మంచి స్వభావం, స్థిమితం, పిల్లలంటే ఇష్టం, పని చేయాలన్న ఉత్సాహం ఉండాలని స్పష్టంగా రాసుకున్నారు. మనం మాత్రం "మంచి కండ ఉందా, తల ఎంత పెద్దది" అని అడుగుతాం.

ఇక మీ ఇంటి సంగతి. ఎద్దుని నెట్టిన ఆ భుజమే రేపు మీ హాల్లో తిరుగుతుంది. ఎదిగిన మగ రాట్‌వైలర్ దాదాపు 50 కిలోలు తూగుతుంది, భుజం దగ్గర 61 నుంచి 68 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. మీ అమ్మగారు కర్ర పట్టుకునో గోడ పట్టుకునో బాత్‌రూమ్‌కి వెళ్తుంటే ప్రేమగా వచ్చి కాళ్లకు ఆనుకుందనుకోండి, ఆవిడ కిందపడతారు. అందులో కుక్క తప్పేమీ లేదు, తుంటి ఎముక విరిగితే ఆ మాట ఎవరికీ ఊరటనివ్వదు. కాబట్టి మీ అమ్మగారి భయాన్ని చాదస్తం కింద కొట్టిపారేయకండి. ఆవిడ "రాక్షసి" అని కారణం తప్పు చెప్పారేమో గానీ, జాగ్రత్త పడాల్సిన విషయం ఉంది.

పాప దగ్గరా ఇంతే. రాట్‌వైలర్ ఇంట్లో పిల్లలంటే ప్రాణం పెడుతుంది, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మా వీధిలో ఒక రిటైర్డ్ టీచర్ గారింట్లో ఆడ రాట్‌వైలర్ ఉండేది. మనవడు వరండాలో బొమ్మ లారీతో ఆడుకుంటుంటే అది గేటుకీ వాడికీ మధ్యలో పడుకునేది, ఎప్పుడూ ఆ జాగానే. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వస్తే లేచేది కాదు, మొరిగేది కాదు, తల మాత్రం పైకెత్తి అతను సిలిండర్ దింపి బయటికెళ్లేదాకా చూసేది. ఆ అబ్బాయి ప్రతిసారీ "టీచరమ్మా, దాన్ని లోపలికి పిలవండి" అనేవాడు. ఏమీ చేయని కుక్కని చూసి అంత భయం! ఈ జాతి అందమంతా ఆ నింపాదిలోనే ఉందని నాకనిపిస్తుంది. ప్రతి ఆకు కదిలినా అరిచే కుక్క కాదిది, ముందు చూస్తుంది, ఆ తర్వాతే ఏదైనా.

అయితే ఆ చూసి నిర్ణయం తీసుకునే గుణమే మీరు జాగ్రత్తపడాల్సింది కూడా. మీ పాప స్నేహితులు నలుగురొచ్చి పరుగులు పెడుతూ కేకలు వేస్తూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారనుకోండి. దానికి అది ఆటో కొట్లాటో తెలియకపోవచ్చు. లేదా మంద చెదిరిపోతోందనుకుని అడ్డంగా వెళ్లి ఒళ్లుతో తోసేయచ్చు. ఇరవై కిలోల పిల్లని యాభై కిలోల కుక్క తోస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే పిల్లలొచ్చినప్పుడు అది వేరే గదిలో ఉండాలి. మీ పాపతో కూడా పెద్దవాళ్లు ఎవరూ లేకుండా ఒంటరిగా వదలొద్దు, ఎంత మంచి కుక్కయినా సరే. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి వెళ్లకూడదని పాపకి నేర్పండి.

ఇప్పుడు కాపలా మాట. మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టిన వాక్యం ఇదే. రాట్‌వైలర్‌ని గేటు పక్క కట్టేస్తే దొంగ రాడు, నిజమే. కానీ మనుషుల పక్కన నడుస్తూ పని చేయడానికి పుట్టిన కుక్కని రోజంతా మూడు గజాల గొలుసుకి కట్టేస్తే అది రెండేళ్లలో వేరే జంతువవుతుంది. వీధిలో పోయే ప్రతివాడూ దాన్ని చూసి ఉలిక్కిపడతాడు, పిల్లలు రాళ్లు విసురుతారు, అదేమో గొలుసు బిగిసేదాకా దూకుతుంది, అలా దూకినప్పుడల్లా ఎదుటివాడు పారిపోతాడు కాబట్టి దూకడమే తన ఉద్యోగం అనుకుంటుంది. ఒకరోజు గొలుసు తెగుతుంది. పేపర్లో మనం చదివే వార్తల్లో చాలావాటి వెనక ఇలాంటి కథే ఉంటుంది. మీకు కావాల్సింది ఒట్టి కాపలాయే అయితే రెండు సీసీ కెమెరాలు, ఒక మంచి తాళం, కాలనీ వాచ్‌మన్‌కి నెలనెలా అందరూ సరిగ్గా జీతం ఇవ్వడం, ఇవి చాలు. చప్పుడు చేసే కుక్క కావాలంటే మన వీధి కుక్క పిల్లని ఒకదాన్ని తెచ్చుకోండి, దాని చెవులు ఏ విదేశీ జాతికీ తీసిపోవు, మన ఎండకి కూడా అది తట్టుకుంటుంది.

కాపలా ఎలాగూ వస్తుంది, మీరు ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. "గార్డ్ ట్రైనింగ్ ఇస్తాం సార్, మనిషి మీదకి ఉసిగొల్పితే దూకేస్తుంది" అంటూ ఇంటికొచ్చే ట్రైనర్లు కొందరుంటారు. గోనెసంచీ చేతికి చుట్టుకుని కుక్కని రెచ్చగొట్టడమే వాళ్ల విద్య. దగ్గరికి రానివ్వకండి. కుక్కకి నేర్పాల్సింది ఆగడం. కూర్చో, ఆగు, వదిలెయ్, పక్కకి జరుగు, ఈ నాలుగూ తెలిస్తే చాలా ఇళ్లల్లో సమస్యలే రావు. మీ అమ్మగారి కోసం "పక్కకి జరుగు" అన్నది అన్నిటికంటే ముందు నేర్పండి. మన ఇళ్లల్లో ఒక విచిత్రం ఉంది, కుక్కతో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు, జీవితంలో ఇంగ్లీషు ముక్క పలకని బామ్మ కూడా "సిట్ డౌన్ రా" అంటుంది. ఏ భాషైనా ఫరవాలేదు, ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. కొట్టొద్దు. చిన్నప్పుడు కొడితే ఊరుకుంటుంది, రెండేళ్లొచ్చాక ఊరుకోవాలా వద్దా అని అదే ఆలోచించుకుంటుంది.

దానికి పనివ్వండి. ఉదయం పేపర్ తెచ్చివ్వమనండి, కూరగాయల బుట్ట మోయమనండి, గుడ్డ కింద రొట్టె ముక్క దాచి వెతకమనండి. కాసేపు ముక్కు పెట్టి వెతికితే బాగానే అలసిపోతుంది. పెద్దయ్యాక చిన్న బండి లాగడం నేర్పేవాళ్లు కూడా ఉన్నారు, అమెరికాలో దానికి పోటీలే పెడతారు. పని లేని రాట్‌వైలర్ తన పని తానే వెతుక్కుంటుంది, అది మీ సోఫా కావచ్చు, పక్కింటాయన స్కూటర్ సీటు కావచ్చు.

ఎండ సంగతి మర్చిపోకండి. నల్లటి ఒళ్లు, రెండు పొరల బొచ్చు. కరీంనగర్ మే నెలలో మనకే ఊపిరాడదు. నడక తెల్లవారుజామున, మళ్లీ పొద్దుగూకాక. రోడ్డు మీద మీరు చెప్పుల్లేకుండా నిలబడలేకపోతే దాని పాదాలకీ కాలుతున్నట్టే. మధ్యాహ్నం ఫ్యాన్ కిందో కూలర్ ముందో, ఇంట్లోనే ఉండాలి, మేడ మీద రేకుల షెడ్డులో కాదు. పిడుదులు (టిక్స్) పట్టకుండా ఏడాది పొడవునా మందు వాడాల్సిందే, వాటి వల్ల వచ్చే జ్వరం మన దగ్గర కుక్కల్ని బాగా ఇబ్బంది పెడుతుంది.

తిండి దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఎముకలు గట్టిపడాలని పెద్ద జాతి పిల్లలకి కాల్షియం సిరప్పులు పోస్తుంటారు. ఎదిగే వయసులో ఎక్కువైన కాల్షియం ఎముకలకి చెరుపే చేస్తుంది. డాక్టర్ చెప్తే తప్ప వద్దు. బొద్దుగా ఉందని మురిసిపోవడం కూడా వద్దు, ఈ జాతికి తుంటి, మోచేతి కీళ్ల సమస్యలు ఎక్కువ, ఆ బరువంతా వాటి మీదే పడుతుంది. ఏడాదిన్నర దాకా మెట్లెక్కి దిగడాలు, గెంతులు తగ్గించండి. రోజుకి రెండుసార్లు తిండి పెట్టండి, తిన్న వెంటనే పరిగెత్తించకండి. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ బయటికి రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, పొట్ట మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది. ఇంకోటి కూడా తెలిసి తెచ్చుకోండి, ఈ కుక్కలు సాధారణంగా తొమ్మిది, పదేళ్లే బతుకుతాయి, ఎముకల క్యాన్సర్ మిగతా జాతుల కంటే వీటిలో ఎక్కువ. మీ పాప టెన్త్ క్లాసుకి వచ్చేసరికి అది ముసలిదవుతుంది.

చట్టం గురించి మీరు అడగలేదు గానీ మీ భార్య అడుగుతారు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల్ని పెంచకుండా చూడమని రాష్ట్రాలకి లేఖ రాసింది, అందులో రాట్‌వైలర్ పేరు కూడా ఉంది. ఎవర్నీ సంప్రదించకుండా ఇచ్చారంటూ ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. మీ మున్సిపాలిటీ వాళ్లని అడిగి రిజిస్ట్రేషన్ చేయించుకోండి, రేబిస్ టీకా కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి. నిర్లక్ష్యంగా వదిలేసిన జంతువు వల్ల మనుషులకి ప్రమాదమొస్తే యజమానికి ఆరు నెలల జైలో, 5000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడే సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో ఉంది, 291 అది. గేటుకి గొళ్లెం సరిగ్గా పడుతుందో లేదో ఇవాళే చూడండి.

ఇక ఆ నలభై రోజుల పిల్ల. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నలభై రోజులంటే ఆరు వారాలు కూడా నిండలేదు. ఇది కాగితం మీది రూలు మాత్రమే అనుకోకండి. ఆ రెండు వారాల్లోనే పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, గట్టిగా కొరికితే అవతలిది కుయ్యోమని ఆట ఆపేయడం చూసి, తల్లి చేత చీవాట్లు తిని, ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకుంటాయి. రేపు మీ పాప చెయ్యి దాని నోట్లో ఆడుతుంది కదా, ఆ చదువు అక్కడే అయిపోయి రావాలి. పైగా కుక్కపిల్లల ప్రాణాల మీదకి తెచ్చే పార్వో వైరస్ రాట్‌వైలర్లకి మిగతావాటికంటే తొందరగా అంటుకుంటుంది, టీకాలు నాలుగు నెలలు వచ్చేదాకా విడతలుగా వేయించాలి. తోక కొయ్యడం ఒట్టి ఫ్యాషన్ కోసం, పుట్టిన జర్మనీలోనే 1998 నుంచి నిషేధం, అక్కడి ప్రమాణాల్లో కుక్కకి పూర్తి తోక ఉండాలి. మీకు దాని మూడ్ తెలియాలంటే తోక ఉండడమే మంచిది కూడా. తోక కోసి, తల్లి నుంచి ముందే విడదీసి అమ్మే మనిషి తుంటి ఎక్స్‌రేలు తీయించి ఉంటాడని నాకైతే నమ్మకం లేదు.

కాబట్టి ఆ అడ్వాన్స్ వెనక్కి అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. తల్లి కుక్కని చూపించే బ్రీడర్‌ని వెతకండి. వెళ్లినప్పుడు పిల్లల కంటే ముందు తల్లిని చూడండి. మీరు రాగానే అది గొలుసు తెంపుకుంటోందా, మూల నక్కిందా, లేక కాసేపు చూసి యజమాని పలకరింపు విని దగ్గరికి వచ్చిందా? మూడోది అయితే ఆ పిల్లల గురించి మాట్లాడండి. మొదటిసారి పెంచుతున్నారు కాబట్టి ఆడపిల్లని తీసుకోమంటాను, 42 కిలోల దగ్గర ఆగుతుంది, పట్టుకోవడం కొంచెం తేలిక, నా లెక్కలో చెప్పిన మాట కూడా ఎక్కువే వింటుంది. వీలైతే స్వభావం తేలిపోయిన, రెండు మూడేళ్లు వచ్చిన కుక్కని ఎవరైనా ఊరు మారుతూ ఇస్తుంటే దాన్ని చూడండి. మీ పరిస్థితికి అదే నాకు అన్నిటికంటే నచ్చే దారి.

దానికన్నా ముందు ఒక పని చేయండి. మీ కొలీగ్‌ని అడిగి ఒక ఆదివారం మీ అమ్మగారినీ భార్యనీ పాపనీ వాళ్లింటికి తీసుకెళ్లండి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టండి, నిలబెట్టకండి. కుక్క పట్టీ మీ కొలీగ్ చేతిలోనే ఉండాలి. దగ్గరికి రమ్మని ఎవరూ పిలవొద్దు, దాని మానాన దాన్ని చూడనివ్వండి. ఒక గంట కూర్చుని టీ తాగి రండి. తిరుగు ప్రయాణంలో అమ్మగారు ఇంకా అక్క దగ్గరికే పోతానంటే, కుక్క ఆలోచన మానుకోండి. ఆవిడ నోరు విప్పి "తిండేం పెడతారు దానికి?" అని అడిగితే అప్పుడు నాకు మళ్లీ రాయండి, మీ ఇంటికి సరిపోయే తిండి లెక్క వివరంగా చెప్తాను.